మడమ కింద నల్ల మచ్చ

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మిరప తోటలో పనికి వెళ్తుంది. ఎడమ మడమ కింద ఎనిమిది నెలలుగా నల్ల మచ్చ ఉంది. ముల్లు విరిగిందనుకుని ఆనెకాయల పట్టీ వేస్తున్నాం. ఈ మధ్య మచ్చ అంచు పాకింది, రసి కారుతోంది. చర్మ క్యాన్సర్ ఎండ వల్ల వస్తుందంటారు కదా, అరికాలికి ఎండెక్కడ తగులుతుంది?
– ఓ పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ పట్టీ తీసేయండి. అందులో ఉండే శాలిసిలిక్ ఆమ్లం పైచర్మాన్ని కరిగిస్తుంది. మచ్చ తగ్గినట్టే కనిపిస్తుంది, కింద మాత్రం అలాగే ఉంటుంది. ఇది క్యాన్సరేనని ఉత్తరం చూసి చెప్పలేం. కానీ పాకుతూ, రసి కారుతున్న మచ్చను ఈ వారంలోనే చర్మవైద్యులకు చూపించాలి.

మన చర్మంలో నల్లరంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు మనకు తక్కువే. అరికాలు, అరచేయి, గోళ్ల కింద వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వేరు. దానికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోటి కింద వచ్చింది ఇదే. 1981లో 36 ఏళ్లకే కన్నుమూశారు.

ముల్లు గుచ్చుకుని రక్తం గడ్డకట్టిన మచ్చయితే, అరికాలి చర్మం ఊడి కొత్తది వచ్చే కొద్దీ కొన్ని వారాల్లో పోతుంది. మెలనోమా పోదు, పెరుగుతుంది. ఒక సగం రెండో సగంలా ఉండదు. అంచు కాగితం మీద సిరా ఒలికినట్టుంటుంది. ఒకే మచ్చలో నలుపు, గోధుమ, నీలం కలిసి ఉండొచ్చు. 6 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి. గోటి విషయంలోనూ అంతే: దెబ్బ తగిలిన నలుపు గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. నల్ల గీత వెడల్పవుతూ గోటి మొదట్లోని చర్మానికీ రంగు పాకితే ప్రమాదం.

'కత్తి పెడితే పాకుతుంది' అని బయాప్సీ (మచ్చ ముక్క తీసి చేసే పరీక్ష) వాయిదా వేయొద్దు. బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకదు. ఈ భయంతో పోగొట్టుకున్న నెలలే ప్రాణం మీదికి తెస్తాయి. మెలనోమా అని తేలితే రిపోర్టులో దాని మందం ఎంతో అడగండి. 1 మిల్లీమీటరు లోపైతే చుట్టూ 1 సెంటీమీటరు చర్మంతో కోసి తీసేస్తారు, ఎక్కువ మందికి అంతటితో నయమవుతుంది. 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు తీయాలి, గజ్జల్లోని లింఫ్ గ్రంథినీ పరీక్షించాలి. అక్కడ ఇప్పటికే బిళ్ల కట్టిందేమో తడిమి చూడండి.

ఎండ వల్ల వచ్చే క్యాన్సర్లు ఎక్కువగా ముక్కు పక్కన, కంటి కింద, పెదవి మీద కనిపిస్తాయి. నాలుగు వారాలైనా మానని పుండును అక్కడ వదిలేయకండి. పుట్టుకతోనే చర్మంలో రంగు లేనివారు 10 నుంచి 4 గంటల మధ్య పొలానికి వెళ్లకపోవడమే మేలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా అమ్మగారి కాళ్లకు గోరింటాకు, పసుపు పెట్టొద్దు, మచ్చ అసలు రంగు తెలియదు. పక్కన రూపాయి నాణెం ఉంచి ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి.