బిరడా పైకి లేస్తే

హనుమకొండ.

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు సెప్టెంబరులో హంగరీ దేశంలోని టోకాయ్‌కి ద్రాక్ష కోతల పనికి వెళ్తున్నావని, తిరిగి వచ్చిన తరువాత అటువంటి తీపి వైన్‌ను మన ఇంట్లోనే చేసి చూస్తానంటున్నావని మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. సంతోషంతోనో భయంతోనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మన ఇంట్లో ఈ పనిలోకి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై ఆరేళ్ళు నాసిక్ వైపు వైనరీల్లో పనిచేసినా, పెళ్ళిళ్ళలో ఎవరైనా నా ఉద్యోగం సంగతి అడిగితే మీ తాతయ్య పండ్ల కంపెనీ అని చెప్పి మాట మార్చేవారు. ఇప్పుడు నీవు కాకతీయ విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ చదివి, తల ఎత్తుకొని అదే పనికి పోతున్నావు. అందుకే తెలిసినదంతా దాచకుండా రాస్తున్నాను బిడ్డా, ఓపికగా చదువు.

చేతులు, గొట్టాలు, పీపాలు శుభ్రంగా ఉంచుకోవడం, చక్కెర, ఉష్ణోగ్రత రోజూ రాసిపెట్టుకోవడం నీకు వేరే చెప్పనవసరం లేదు.

ముందు తోట సంగతి. టోకాయ్ ఊరి దగ్గర బోద్రోగ్ నది వచ్చి తీసా నదిలో కలుస్తుంది. శరదృతువులో తెల్లవారుజామున ఆ నీళ్ళ మీది నుంచి పొగమంచు లేచి కొండవాలు తోటలను కమ్ముకుంటుంది, మధ్యాహ్నానికి ఎండ కాసి అంతా ఆరిపోతుంది. ఆ తడికి బొట్రైటిస్ అనే బూజు పండిన ఫుర్మింట్ రకం ద్రాక్ష పండు తొక్కకు కంటికి కనిపించని బెజ్జాలు పొడుస్తుంది, ఆ ఎండకు పండులోని నీరు ఆ బెజ్జాల గుండా ఆవిరైపోతుంది, లోపల తీపి, పులుపు, వాసన చిక్కబడి పండు ముడుచుకుపోతుంది. వాళ్ళు అసూ అని పిలిచేది ఆ ముడుచుకున్న పండునే. ఎండ లేకుండా వానలు పట్టుకుంటే మాత్రం అదే బూజు గుత్తినంతా కుళ్ళబెట్టి దేనికీ పనికిరాకుండా చేస్తుంది.

ఆ పండ్లను గుత్తులుగా కోయరు, ఒక్కొక్కటిగా గిల్లి తీస్తారు. మన పత్తి చేలల్లో మొదటి ఏరు, రెండో ఏరు అన్నట్టే అదే తీగ దగ్గరికి మళ్ళీ మళ్ళీ పోతారు. 1999 అక్టోబరులో నేను అక్కడ ఆరు వారాలు ఉన్నాను. మొదటి రోజు మధ్యాహ్నానికి అందరికంటే ముందు నా బకెట్టు నిండిందని సంబరపడుతుంటే, మా వరుస చూసే పెద్దావిడ వచ్చి, అందులో నుంచి ఒక పండు తీసి, రెండు వేళ్ళతో చిదిమి నా ముక్కు దగ్గర పెట్టింది. ఘాటుగా సిర్కా వాసన వచ్చింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఆమె మారుమాట లేకుండా బకెట్టు గోనెపట్ట మీద బోర్లించి, నా పక్కనే కూర్చుని ఒక్కో పండూ ఏరింది. ఆ వేళ్ళను చూస్తుంటే నాకు ఏనుమాముల మార్కెట్లో మిర్చి కుప్ప ముందు కూర్చుని తాలు కాయను వేరుచేసే మన ఆడవాళ్ళే గుర్తుకు వచ్చారు. మిర్చిలో మచ్చ పడిన కాయంతా తాలే. ఇక్కడ బూజు పట్టిన పండే బంగారం, కాని బూజు పట్టినవాటిలోనూ తాలు ఉంటుంది. కంటితో తేలకపోతే వాసన చూడు, అప్పటికీ తేలకపోతే కొరికి చూడు. బకెట్టు ఎంత తొందరగా నిండిందని అక్కడ ఎవరూ అడగరు.

ఏరిన పండ్లను తొట్టిలో పోసి ఉంచితే వాటి బరువుకే అడుగు నుంచి రసం తేనెలా చుక్క చుక్క కారుతుంది. అది ఎసెన్సియా. దానిలో లీటరుకు 450 గ్రాములకు తక్కువ కాకుండా చక్కెర ఉంటుంది, అంత తీపిలో రసాన్ని పులియబెట్టే ఈస్ట్ కూడా ఊపిరాడనట్టు మెల్లగా, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. మిగిలిన పండ్లను పులుస్తున్న రసంలో గాని కొత్త వైన్‌లో గాని ఒకటి రెండు రోజులు నానబెట్టి, గింజ నలగకుండా పిండి, చల్లని నేలమాళిగలో నిదానంగా పులియబెడతారు. పాత రోజుల్లో 136 లీటర్ల గొంచి పీపాకు సుమారు 25 కిలోల పుత్తోన్ గంపలు ఎన్ని పోశారో లెక్కపెట్టి, దానిని బట్టి వైన్‌కు స్థాయి కట్టేవారు. 2013లో నిబంధనలు మార్చి, లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర మిగిలితేనే అసూ అనే పేరు పెట్టాలన్నారు. ఇదంతా నీకు అక్కడివారు నాకంటే బాగా చూపిస్తారు. చక్కెర మిగిలిన వైన్‌ను సీసాలో పోసేటప్పటి సంగతి మాత్రం నా నోటి నుంచే వినాలి.

మీ అమ్మ ఎడమ కనుబొమ్మ మీద ఉన్న గాటు నీకు తెలుసు. చిన్నప్పుడు గడప తట్టుకుని పడిందని నీకు చెప్పి ఉంటారు. నిజం అది కాదు. ఆ గాటు నా వల్ల పడింది.

1992లో మా వైనరీలో కొన్ని వరుసల ద్రాక్షను కోయకుండా మార్చి చివరి దాకా తీగ మీదే వడలనిచ్చి, ఆ పండుతో నేను ఒక చిన్న తొట్టి తీపి వైన్ చేశాను. లీటరుకు 110 గ్రాముల చక్కెర ఉండగా తొట్టిని బాగా చల్లబరిచి పులియడం ఆపాను. పొంగు ఆగింది, నురుగు పోయింది, వైన్ తేరుకుంది, ఈస్ట్ చచ్చిపోయిందనుకున్నాను. చలికి ఈస్ట్ నిద్రపోతుందే కాని చావదని నాకు పుస్తకంలో తెలుసు, చేతిలో తెలియదు. జనవరిలో సీసాలకు పట్టేటప్పుడు సన్న వడపోత పలకలు అయిపోయాయి, కొత్తవి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ముతక పలకలతోనే వడగట్టేశాను. ఈస్ట్‌ను అణచడానికి వైన్‌లో వేసే సల్ఫర్ డయాక్సైడ్ మొత్తం ఎంతుందో కొలిచి చాలుననుకున్నాను. ఇటువంటి చిక్కని తీపి వైన్‌లో దానిలో చాలా భాగం ఇతర పదార్థాలకు అతుక్కుపోతుంది, విడిగా మిగిలినదే కాపలా కాస్తుంది. ఆ విడిగా ఉన్నది ఎంతో నేను కొలవలేదు.

ఏప్రిల్ 1993లో సెలవు పెట్టి, నేను చేసే పని ఏమిటో నాన్నకు చూపించాలని ఇరవై నాలుగు సీసాలు ట్రంకు పెట్టెలో సర్దుకొని ఇంటికి బయలుదేరాను. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా జిల్లాకూ పాకిన రోజులవి, అదే ఏడు అక్టోబరులో సారా నిషేధం కూడా వచ్చింది. అటువంటి కాలంలో, పర్మిట్ కూడా లేకుండా ఆ పెట్టె తేవడమే తప్పు. సికింద్రాబాదులో రైలు మారేటప్పుడు పెట్టె తెరిచి చూస్తే ఒక సీసా బిరడా వేలి గోరంత పైకి లేచి ఉంది. బిడ్డా, ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఆ వైన్ తన లోపల ఏం జరుగుతున్నదో నాకు చెప్పింది. నేను దానిని బోగీ వేడి అనుకున్నాను. చెప్పు మడమతో బిరడాను లోపలికి కొట్టి, కాజీపేటలో దిగాక సన్న ఇనుప తీగ కొని, ఇంటికి వచ్చి ఇరవై నాలుగు సీసాల మెడలకూ మెలిపెట్టి బిగించాను. బిరడా ఎగిరిపోయి ఉంటే వైన్ ఒలికిపోయేది, అంతటితో పోయేది.

నాన్న కంట పడకుండా ముందు అటక మీద పెట్టాను. పెంకుటింటి అటక ఏప్రిల్ నెలలో ఎట్లా ఉంటుందో నీకు తెలియనిది కాదు. నిద్రపోయిన ఈస్ట్ లేచింది. లీటరులో నాలుగు గ్రాముల చక్కెర పులిస్తే సీసాలో సుమారు ఒక వాతావరణమంత, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత, ఒత్తిడి పుడుతుంది. షాంపేన్ చేసేవారు మందపాటి సీసాల్లో లీటరుకు 24 గ్రాములే పులియనిచ్చి ఆరు వాతావరణాల ఒత్తిడి రప్పిస్తారు. నావి పలుచని మామూలు సీసాలు, వాటిలో 110 గ్రాములు ఉంది.

అయిదో రోజు రాత్రి మేమంతా వాకిట్లో నులక మంచాల మీద పడుకున్నాం. మీ అమ్మ దాహమై లోపలికి పోయి రంజన్ మీది మూత తీసి నీళ్ళు ముంచుకుంటున్నది. పైన ఒక సీసా పేలింది, దాని దెబ్బకు పక్కవి రెండు పేలాయి. నేను లోపలికి పరుగెత్తేసరికి అటక చెక్కల సందుల నుంచి వైన్ ధారగా కారుతున్నది, ఇల్లంతా తేనె వాసన. మీ అమ్మ గ్లాసు కింద పెట్టకుండా అట్లాగే నిలబడి ఉంది, కనుబొమ్మ నుంచి కారిన నెత్తురు ఆ గ్లాసులో పడుతున్నది. ఎంజీఎం ఆసుపత్రిలో నాలుగు కుట్లు పడ్డాయి. గాజు పెంకు అర అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. అప్పుడు దానికి పంతొమ్మిదేళ్ళు, సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్ళు అడిగితే గడప తట్టుకుని పడ్డానని అదే చెప్పింది, నా ఉద్యోగం మాట ఎత్తలేదు. మీ నాన్నకు మాత్రం పెళ్ళిచూపుల నాడే నిజం చెప్పిందట.

కాబట్టి చక్కెర మిగిలిన వైన్ నీ చేతి మీదుగా సీసాలోకి పోయే ముందు మూడు పనులు జరిగాయో లేదో నీ కళ్ళతో చూడు. 0.45 మైక్రాన్ వడపోత గుండా పోయిందా, ఆ వడపోత చిరగలేదని పరీక్షించారా? విడిగా ఉన్న సల్ఫర్ డయాక్సైడ్ కొలిచారా? వైన్ చుక్కను సూక్ష్మజీవులను పెంచే నీ అగార్ పళ్ళెంలో వేసి చూస్తే ఈస్ట్ ఏమీ మొలవలేదా? ఆ పైన నాలుగు సీసాలు 30 డిగ్రీల వెచ్చని చోట రెండు వారాలు పెట్టు. బిరడా వెంట్రుకవాసి కదిలినా ఎవరు తొందరపెట్టినా ఆపు. సీసాకు తీగ కట్టాలని నీకు ఎప్పుడైనా తోచిందంటే అప్పుడే పని ఆపివేసి నాకు ఫోన్ చెయ్యి.

ఇంకొక భయం కూడా రాస్తాను. పులుస్తున్న పీపాలున్న నేలమాళిగలోకి ఒంటరిగా దిగకు. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది, నేలబారుగా పేరుకుంటుంది. పడిన వస్తువు తీసుకోవడానికి వంగినవాడు అట్లాగే ఒరిగిపోతాడు. పైన ఒక మనిషిని నిలబెట్టి, గాలి మర తిరుగుతున్నదని చూసుకొని దిగు.

ఇక రుచి చూడటం. 10 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో, చిన్న గ్లాసులో రెండు గుటకలకు మించకుండా పోసుకో. ముందు వాసన చూడు, మన హైదరాబాదు ఖుబానీ, తేనె, నారింజ తొక్క, ఒక్కోసారి కుంకుమపువ్వు తగులుతాయి. తరువాత నోట్లో పోసుకొని తీపిని పక్కన పెట్టి పులుపును వెతుకు. చింతపండులో ఉన్న టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంది. చింతపండు చాలని పచ్చిపులుసు ఎంత చప్పగా ఉంటుందో పులుపు చాలని తీపి వైన్ అంత వెగటుగా ఉంటుంది. మంచి అసూ మింగిన తరువాత నోరు జిగటగా ఉండదు, దవడల కింద నీళ్ళూరి మళ్ళీ ఆకలి వేస్తుంది. ఆ నీళ్ళూరడం ఎంతసేపు నిలుస్తుందో మనసులో లెక్కపెట్టుకో. పనిలో ఉన్నప్పుడు మాత్రం రుచి చూసిన ప్రతిదీ ఉమ్మివెయ్యి, మొహమాటపడకు. ఉమ్మడానికి సిగ్గుపడి, పూటకు ముప్పై గుటకలు మింగి, పదేళ్ళలో మనిషే కాకుండాపోయిన స్నేహితుణ్ణి నేను కాటికి మోశాను. ఈ ఒక్క విషయంలో నేను నిన్ను నమ్మనని అనుకోకు. నమ్ముతాను, అయినా రాస్తాను.

ఇంట్లో చేసి చూస్తానన్న మాట మరిచిపో. లైసెన్సు లేకుండా చెయ్యడం నేరం, పైగా మన ఎండకు ఆ బూజు మేలు చెయ్యదు, ద్రాక్షను కుళ్ళబెడుతుంది లేదా ఎండకే మాడిపోతుంది. అంత కోరిక ఉంటే లైసెన్సు ఉన్న వైనరీలో చేరి, నీడలో ఆరబెట్టిన ద్రాక్షతో మొదలుపెట్టు. నేను వచ్చి నీ పక్కన నిలబడతాను.

రసంలో చక్కెర కొలిచే నా పాత హైడ్రోమీటరు మీ అమ్మకు ఇచ్చి పంపుతున్నాను. గాజుది, చేతి సంచిలోనే పెట్టుకో. దాని చుట్టూ ఉన్న నేత గుడ్డ మీ అమ్మ చీర ముక్క, ఆమే చుట్టింది. రసంలో అది ఊగడం ఆగిన తరువాత, వంగి కంటిని ద్రవమట్టానికి సరిగ్గా తెచ్చి అంకె చదువు. చేతి తొడుగులకు బొటనవేలు, చూపుడువేలు కొసలు కత్తిరించుకో. తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోతాయి, కాని ఉన్ని మీది నుంచి పండు మెత్తదనం తెలియదు.

ఇట్లు,
మీ మేనమామ