బోర్డు నుంచి ఇంటికొచ్చిన కుర్రాడికి తోడు నిలవాలంటే

విశాఖ కంచరపాలెంలో మీ వీధి కుర్రాడు, పదహారేళ్లవాడు, సెల్‌ఫోన్ దొంగతనం కేసులో, పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు బెయిలిస్తే ఇంటికొచ్చాడన్నారు. మీ యూత్ అసోసియేషన్‌లో చేర్చుకుని లీడర్‌ని చేస్తే దారిలో పడతాడా అని అడిగారు. పడే అవకాశం బాగానే ఉంది. కాకపోతే లీడర్‌ని చేయడం ఆఖరి మెట్టు. చాలామంది దాంతోనే మొదలుపెట్టి పాడుచేస్తారు.

ముందు వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని ప్రొబేషన్ ఆఫీసర్‌ని కలవండి. బెయిల్ షరతులు ఏంటో చదివించుకోండి, వాయిదా తేదీ గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. వాయిదా ఎగ్గొట్టేది ఎక్కువగా పొగరుతో కాదు. తల్లికి ఆ రోజు కూలి పోతుంది, వాడికి ఒక్కడే వెళ్లాలంటే భయం. మీరు తోడెళ్లండి. ఇల్లు, చదువు, స్నేహాల గురించి ఆ ఆఫీసర్ రాసే రిపోర్టు చూసే బోర్డు చాలావరకు నిర్ణయానికొస్తుంది. వాడి బాగోగులు చూసే పెద్దమనిషి ఒకరున్నారని అందులోకి ఎక్కడం చిన్న విషయం కాదు.

తర్వాత వారానికి రెండు సాయంత్రాలు, గంటన్నర చొప్పున, కనీసం ఏడాది. ఆరు దాటాకే పెట్టుకోండి, పాత జట్టు పోగయ్యేది అప్పుడే. మూడు నెలలు తిరిగి మానేసేట్టయితే అసలు మొదలుపెట్టొద్దు, వాడు ఇంకా మొండికెత్తుతాడు. ఎదురుగా కూర్చోబెట్టి నీతులు చెబితే మాట పెగలదు. సైకిల్ చైను బిగిస్తూనో, నెట్ కడుతూనో మాట్లాడించండి. ‘ఎందుకు చేశావు’ అని మొదటి నెలలో అడగొద్దు. కొన్నాళ్లకి ఫోన్ ఆపేసి కనిపించకుండా పోతాడు, మీరు వదిలేస్తారో లేదో చూడ్డానికి. ఇంటికెళ్లి, కోప్పడకుండా, ‘శనివారం ఇదే టైముకి’ అని చెప్పి వచ్చేయండి.

తప్పక అడగాల్సింది ఒకటుంది: ఎవరికైనా బాకీ ఉన్నావా? కుర్రాళ్లు వెనక్కి పోయేది స్నేహం కోసమే అనుకుంటాం, చాలాసార్లు అప్పు లాగుతుంది. ఫోన్‌కో గంజాయికో తీసుకున్న రెండు మూడు వేలకి ‘ఈ బ్యాగు స్టేషన్ దాకా తీసుకెళ్లు, చెల్లిపోద్ది’ అంటారు. ఏజెన్సీ కొండల నుంచి గంజాయి దిగే మన ఊళ్లో ఇది మరీ ప్రమాదం. గంజాయి ఇరవై కిలోలు దాటితే మత్తుపదార్థాల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టంలో కనీస శిక్షే పదేళ్లు. కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న నేరంలో పదహారు నిండినవాడు ఇరుక్కుంటే, పెద్దవాళ్లలా విచారించాలా అని బోర్డు పరిశీలిస్తుంది. వాడికి ఇది విడమరిచి చెప్పండి. బాకీ ఎంతో తేలితే తల్లితో కూర్చుని తీర్చే దారి చూడండి, డబ్బు మాత్రం వాడి చేతికివ్వొద్దు. ‘మా అమ్మ బోర్డులో సంతకం పెట్టింది, నేను రాలేను’ అనే మాట నోటికి వచ్చేలా అనిపించండి. పరువు పోకుండా తప్పుకోవడానికి ఒక సాకు కావాలి వాడికి.

ఇక బాధ్యత. మొదట క్రికెట్ కిట్ తాళం. రెండు బ్యాట్లు, ఆరు వికెట్లు, నాలుగు బంతులు. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడిచ్చారు, నోట్‌బుక్‌లో సంతకంతో. బంతి పోతే పోయిందని రాస్తున్నాడా, లెక్క సర్దేస్తున్నాడా చూడండి. నెలన్నర అలా నడిచాక నలుగురైదుగురు చిన్నపిల్లలకి ఫీల్డింగ్ నేర్పే పని. ‘అన్నా’ అని ఒకడు వెంటబడితే నిలబడే తీరే మారుతుంది. చవితి పందిరి చందా పుస్తకం ఆ తర్వాతే, అదీ ఇద్దరిని కలిపి పంపి, కార్బన్ రసీదుతో, ఆ రాత్రే అందరి ముందు లెక్కపెట్టి. అసలెప్పుడూ ఇవ్వకపోతే దొంగ ముద్ర వేసినట్టే. ఒక్కడి చేతిలో పెడితే, ఎవరి తప్పుకి తగ్గినా వేలు వాడివైపే లేస్తుంది.

కేసులున్న కుర్రాళ్లందరినీ ఒకే జట్టుగా కట్టొద్దు, ఒకరికొకరు కొత్తవి నేర్పుకుంటారు. పదిమందిలో ఒకడు చాలు. అడవివరం జైలు చూపించి భయపెడితే బుద్ధొస్తుందనే ఆలోచన వదిలేయండి, అలాంటి కార్యక్రమాలు నేరాల్ని పెంచాయనే విదేశీ అధ్యయనాల్లో తేలింది. స్టేజీ ఎక్కించి ‘మారిన కుర్రాడు’ అని మాట్లాడించడం, గ్రూపుల్లో ఫొటో పెట్టడం అసలే వద్దు. బాలల గుర్తింపు బయటపెడితే 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

‘నా లైఫ్ అయిపోయింది, ఉద్యోగం ఎవడిస్తాడు’ అంటే అదే చట్టంలో 24వ సెక్షన్ గురించి చెప్పండి. పిల్లల కేసు వల్ల అనర్హత అంటదు, అప్పీలు గడువు ముగిశాక రికార్డు కూడా నాశనం చేయాలి. ఘోర నేరంలో పెద్దవాడిలా విచారణకెళ్లి దోషిగా తేలినవాళ్లకే మినహాయింపు. బడి మానేసి ఉంటే ఓపెన్ స్కూల్లో పది కట్టించండి, ఆపైన ఐటీఐ.

మళ్లీ పట్టుకెళ్తే కంగారుపడొద్దు. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందుకి తేవాలి. ఉచిత లాయర్ కోసం 15100కి, పిల్లల సాయం కోసం 1098కి ఫోన్ చేయండి. ఆ వారం మీ రెండు సాయంత్రాలు మాత్రం ఆపకండి. వాడిని పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో పెడితే అనుమతి తీసుకుని అక్కడికే వెళ్లండి.