టెక్ సందేహాలు: కరెంటు పోయొస్తే సాంబా ఎందుకు లేవడం లేదు?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాది జిరాక్స్ షాపు. పాత డెస్క్‌టాప్‌లో ఆల్పైన్ లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద నడుపుతూ, నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి సాంబా షేర్ పెట్టాం. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ సాంబాను మళ్లీ స్టార్ట్ చేయాల్సి వస్తోంది. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్’ కొడితే అలాంటి కమాండే లేదంటోంది.

జవాబు: ‘సిస్టమ్‌సీటీఎల్’ అనేది సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి చెందిన కమాండ్, ఆల్పైన్‌లో సిస్టమ్‌డీ ఉండదు. సర్వీసుల సంగతి చూసేది ఓపెన్‌ఆర్‌సీ. ‘ఆర్‌సీ-సర్వీస్ సాంబా స్టార్ట్’ కొడితే సాంబా అప్పటికి నడుస్తుంది, అంతవరకే. బూట్ అయినప్పుడల్లా తనంతట తనే లేవాలంటే ‘ఆర్‌సీ-అప్‌డేట్ యాడ్ సాంబా డీఫాల్ట్’ కొట్టాలి. చివర ఉన్న ‘డీఫాల్ట్’ అనేది రన్‌లెవెల్ పేరు, అంటే బూట్‌లో కలిసి లేచే సర్వీసుల గుంపు. ఈ కమాండ్ చేసేదల్లా ఈటీసీ కింద రన్‌లెవెల్స్ ఫోల్డర్‌లో ఒక సిమ్‌లింక్ (అసలు ఫైలుకు దారి చూపే షార్ట్‌కట్ లాంటిది) పెట్టడమే.

మీ విషయంలో అంతటితో తెమలకపోవచ్చు. ‘డీఎఫ్ /’ కొట్టి చూడండి. టీఎంపీఎఫ్‌ఎస్ అని వస్తే మీది డిస్క్‌లెస్ మోడ్, అంటే రూట్ మొత్తం ర్యామ్‌లోనే ఉంది. కరెంటు పోగానే ఆ సిమ్‌లింక్ కూడా పోతుంది. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ, దాన్ని పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసే ‘ఎల్‌బీయూ కమిట్’ కొట్టి తీరాలి. ఇంకా సేవ్ కానివేంటో ‘ఎల్‌బీయూ స్టేటస్’ చూపిస్తుంది.

చాలామంది ఇరుక్కునేది దీని తర్వాతే. ఎల్‌బీయూ మామూలుగా ఈటీసీ ఫోల్డర్‌నే దాస్తుంది. సాంబా పాస్‌వర్డులేమో వార్/లిబ్/సాంబా కింద ఉంటాయి. సర్వీసు లేచినా లాగిన్ కుదరదు, తప్పెక్కడో అంతుపట్టదు. ‘ఎల్‌బీయూ ఇంక్లూడ్ /వార్/లిబ్/సాంబా’ కొట్టి, మళ్లీ కమిట్ చేయండి. కస్టమర్ల ఫైళ్లను మాత్రం ఇందులో కలపొద్దు, వాటికి హార్డ్‌డిస్క్‌లో వేరే పార్టిషన్ ఉండాలి. బయాస్‌లో కరెంటు రాగానే మెషీన్ ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో మాకో కొట్టుంది. ఎలక్ట్రానిక్ కాటా రీడింగులు తీసుకునే పైథాన్ స్క్రిప్ట్‌ను ఆల్పైన్‌లో సర్వీసుగా పెట్టాలి. కాటా యూఎస్‌బీ వైరు కదిలితే చాలు, స్క్రిప్ట్ ఆగిపోతోంది.

జవాబు: ఈటీసీ/ఇనిట్.డిలో ‘కాటా’ పేరుతో ఫైలు రాయండి. మొదటి లైను షెబాంగ్ (‘#!’తో మొదలై, ఫైలును ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పేది), దాంట్లో /ఎస్‌బిన్/ఓపెన్‌ఆర్‌సీ-రన్ ఉండాలి. కమాండ్‌గా పైథాన్3 పూర్తి పాత్, కమాండ్_ఆర్గ్స్‌గా ‘-యూ’, దాని పక్కన స్క్రిప్ట్ పాత్ ఇవ్వండి. ‘-యూ’ వదిలేస్తే ప్రింట్ చేసినవి బఫర్‌లో చిక్కుకుని లాగ్ ఖాళీగా కనిపిస్తుంది.

ఆగినా మళ్లీ లేవాలంటే అదే ఫైల్లో సూపర్‌వైజర్ విలువ ‘సూపర్‌వైజ్-డీమన్’ అని పెట్టండి. రెస్పాన్_డిలే 5 ఇస్తే పడిపోయిన 5 సెకన్లకు మళ్లీ లేపుతుంది. రెస్పాన్_మ్యాక్స్ మామూలుగా 10, తక్కువ వ్యవధిలో అన్నిసార్లకు మించి పడితే ప్రయత్నం మానేస్తుంది. మీ వైరు సంగతి చూస్తే 0 పెట్టడమే మేలు, అప్పుడు పరిమితి ఉండదు. ఎర్రర్_లాగ్‌కు ఒక ఫైలు పాత్ ఇవ్వడం మరవొద్దు, లేకుంటే ఎందుకు పడిందో తెలియదు. స్క్రిప్ట్ తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లకూడదు. వెళ్తే సూపర్‌వైజర్ అది చచ్చిపోయిందనుకుని ఇంకొకటి లేపుతుంది, రెండూ కలిసి కాటా పోర్టు కోసం కొట్టుకుంటాయి.

రూట్‌గా నడపొద్దు, కమాండ్_యూజర్‌లో వేరే యూజర్ పేరివ్వండి. పోర్టు ఏ గ్రూపుదో ‘ఎల్‌ఎస్ -ఎల్’తో చూసి, ఆ యూజర్‌ను అందులో చేర్చండి. ఫైలుకు ‘సీహెచ్‌మోడ్ +ఎక్స్’ ఇచ్చాక ఆర్‌సీ-అప్‌డేట్‌తో డీఫాల్ట్‌లో కలపండి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన ఫైలైతే ముందు ‘డాస్2యూనిక్స్’ నడపండి. లైన్ల చివర మిగిలిన గుర్తుల వల్ల ఫైలు ఎదురుగా ఉన్నా ‘నాట్ ఫౌండ్’ అంటుంది.