మసాజ్ సెంటర్ బోర్డు మీద ‘ఫిజియోథెరపీ’ అని రాయవచ్చా?

ప్రశ్న: ఆరు నెలల స్పా థెరపిస్ట్ కోర్సు చేశాను. ఆడవాళ్ల కోసం సొంతంగా మసాజ్ సెంటర్ పెట్టాలనుకుంటున్నాను. డబ్బు కడితే ‘జాతీయ మసాజ్ లైసెన్సు’ ఇస్తామని ఒక సంస్థ ఫోన్ చేస్తోంది. అది తప్పనిసరా? బోర్డు మీద ఫిజియోథెరపీ అని రాయవచ్చా?
– ఒక సోదరి, ఆంధ్రప్రదేశ్

జవాబు: ముందు ఆ డబ్బు కట్టడం ఆపండి. డాక్టర్లకు, లాయర్లకు ఉన్నట్టు మసాజ్ చేసేవారికి మన దేశంలో చట్టం పెట్టిన కౌన్సిల్ ఏదీ లేదు. కౌన్సిలే లేనప్పుడు ఆ లైసెన్సు ఎవరిచ్చినట్టు? మీ కోర్సు సర్టిఫికెట్ మాత్రం భద్రంగా ఉంచుకోండి. రేపు ఎవరైనా వినియోగదారుల కమిషన్‌కు వెళితే, పని నేర్చుకునే చేస్తున్నారని చూపడానికి పనికొస్తుంది.

అసలు చిక్కు బోర్డు దగ్గరే ఉంది. ఫిజియోథెరపీ వేరే వృత్తి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన కేంద్ర చట్టం పరిధిలో ఉంది. దానికి గుర్తింపు ఉన్న డిగ్రీ, రిజిస్ట్రేషన్ కావాలి. మీరు ఆ మాట వాడకండి, పేరు ముందు ‘డాక్టర్’ అని అసలే పెట్టుకోకండి. కరపత్రాల విషయంలోనూ జాగ్రత్త. ‘ఒళ్లు నొప్పులకు ఉపశమనం’ అంటే ఇబ్బంది లేదు. ‘మా తైలంతో పక్షవాతం, కీళ్లవాతం, ఊబకాయం నయం’ అని వేశారో, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద కేసవుతుంది. ఆ జబ్బులు దాని జాబితాలోనే ఉన్నాయి.

కావలసిన కాగితాలు మామూలు వ్యాపారానివే: మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ. స్పాలకు మీ ఊళ్లో అదనపు షరతులేమైనా ఉన్నాయేమో అడ్వాన్సు ఇవ్వకముందే మున్సిపల్ ఆఫీసులో, పోలీస్ స్టేషన్‌లో కనుక్కోండి. అద్దె ఒప్పందంలో ‘మసాజ్ సెంటర్ కోసం’ అని స్పష్టంగా రాయించండి. ‘బ్యూటీ పార్లర్’ అని దాచిపెడితే, ఇంటి యజమానితో గొడవ వచ్చిన రోజు మీరే ఇరుక్కుంటారు.

వచ్చిన ప్రతి ఒక్కరి చేతా ఒక ఫారం నింపించి సంతకం తీసుకోండి. బీపీ, గర్భం, ఈమధ్య జరిగిన ఆపరేషన్లు, రక్తం గడ్డకట్టే సమస్య గురించి అందులో అడగాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉంటే చెయ్యి వేయకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి. లోపల రక్తం గడ్డ ఉంటే మర్దనతో అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అలా ప్రాణం మీదికొస్తే నిర్లక్ష్యం కేసు మీ మీదే పడుతుంది.

రిసెప్షన్‌లో సీసీ కెమెరా పెట్టుకోండి. మసాజ్ గదిలో, బట్టలు మార్చుకునే చోట మాత్రం పెట్టకండి, అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.