ఆ మూడో పేరా తీసెయ్

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. గాజా యుద్ధం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 2023 అక్టోబర్ 7న జనాన్ని చంపి బందీలను ఎత్తుకుపోవడం, ఆ తర్వాత ఆసుపత్రుల మీద దాడులు, రెండూ పాపమేనని తడుముకోకుండా రాశావు. అక్కడ ఒక్క మాట కూడా తగ్గించకు.

నా పేచీ మూడో పేరాతో. మీ స్త్రీల సమాజంలో పెద్దమ్మ ‘యెరూషలేము క్షేమం’ కోసమే, అంటే ఇజ్రాయెల్ కోసమే ప్రార్థించిందనీ, గాజా పిల్లల ఊసెత్తలేదనీ, కాబట్టి ఆమె కనికరం బూటకమనీ రాశావు. ఆమె మాటలు నువ్వు విన్నావు, సరే. ఆ ‘కాబట్టి’ నీకెవరు చెప్పారు?

నేనూ ఇలాంటిదే రాశాను. 1999, కార్గిల్ రోజులు. మా సంఘంలో ఒకావిడ సరిహద్దు అవతల చనిపోయిన కుర్రాళ్ల తల్లులకు కూడా ఆదరణ కలగాలని ప్రార్థన చేసింది. మన జవాన్లను మరిచి శత్రువు కోసం ఏడుపేమిటని ఓ చిన్న పత్రికలో ఎకసెక్కం చేశాను. పేరు రాయలేదు గానీ ఊరికంతా తెలిసిపోయింది. శైలి బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆవిడ గుడికి రావడం మానలేదు. పైకి ప్రార్థన చేయడం మానేసింది. నువ్వు అటు నిలబడ్డావు, నేను ఇటు నిలబడ్డాను. పట్టుకున్న తక్కెడ ఒకటే.

మార్కు సువార్త 14వ అధ్యాయం తెరిచి చూడు. బేతనియలో ఒక స్త్రీ ప్రభువు తలమీద పోయడానికి అత్తరుబుడ్డి పగలగొట్టినప్పుడు, దాన్ని మున్నూరు దేనారాలకు పైగా అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అని సణిగారు. దినానికి ఒక దేనారం కూలి అనుకుంటే ఇంచుమించు ఏడాది కష్టం. లెక్కలో తప్పు లేదు, అది గమనించు. అయినా ప్రభువు ఆమె జోలికి పోవద్దన్నాడు, ఆమె తన శక్తికొద్దీ చేసిందన్నాడు.

ఎడిత్ కావెల్ అనే ఇంగ్లిష్ నర్సు సంగతి కూడా ఆలోచించు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన బ్రస్సెల్స్‌లో గాయపడిన జర్మన్ సైనికులకు సేవ చేసింది. సుమారు 200 మంది మిత్రపక్ష సైనికులు తప్పించుకోవడానికీ సాయపడింది. 1915 అక్టోబర్ 12న జర్మన్లు కాల్చి చంపారు. ముందురోజు రాత్రి, ప్రభురాత్రి భోజనం ఇవ్వడానికి వచ్చిన పాదిరితో దేశభక్తి ఒక్కటే చాలదనీ, తనకు ఎవరిమీదా ద్వేషం, పగ ఉండకూడదనీ చెప్పింది. ఆమె చావునే చూపించి బ్రిటన్‌లో కుర్రాళ్లను సైన్యంలో చేరమన్నారు! 1920లో లండన్‌లో విగ్రహం పెట్టినప్పుడు దాని మీద ఆ మాట లేదు. 1924లో చెక్కారు.

ఇక నీ వ్యాసం. ‘బూటకం’, ‘కేవలం’, ‘మొసలి కన్నీరు’ ముందు కొట్టెయ్. (మొసలి కన్నీరు ఎలాగూ అరిగిపోయిన మాట.) తర్వాత పెద్దమ్మ ఇంటికి వెళ్లు. పెన్నూ కాగితం తీసుకెళ్లకు. మనవాళ్లు చాలామంది ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పనుల్లో ఉన్నారు. ఆమె వాళ్లెవరైనా అక్కడ ఉన్నారేమో, లేకపోతే మరింకేదైనా ఉందేమో. ఏమీ లేకపోయినా సరే, కాఫీ తాగి రా.

నీ బాధ న్యాయమైనదే. వచ్చే ఆదివారం పాస్టరుగారు ప్రార్థన అంశాలు అడిగినప్పుడు గాజా పిల్లల మాట నువ్వే ఎత్తు. పెద్దమ్మ ఆమెన్ అంటుందో లేదోనని చూడకు. కళ్లు మూసుకునే ఉండు.

మీ అన్నయ్య