‘నువ్వెవరు?’ అని అత్త అడిగితే

ప్రశ్న: మా అత్తకు 74 ఏళ్లు. నాలుగేళ్లుగా డిమెన్షియా (మతిమరుపు జబ్బు). ఆమె కోసమే జాకెట్లు కుట్టడం మానుకున్నాను. ఇప్పుడు రోజుకు పదిసార్లు ‘నువ్వెవరు?’ అంటుంది. వీధిలో వాళ్లూ ‘మీ అత్త ఎట్లుంది?’ అనే అడుగుతారు. నేనెవరో నాకే తెలియకుండా పోతోంది. ఇట్లా అనుకోవడం తప్పా?
– ఒక కోడలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: తప్పు కాదమ్మా. పొద్దస్తమానం ఇంకొకరి ఆకలి, నిద్ర, స్నానం చూసే మనిషికి తన ధ్యాస తనకు లేకుండా పోతుంది.

‘నువ్వెవరు?’ అంటే ‘నీ కోడల్ని, గుర్తులేదా?’ అని పరీక్ష పెట్టకండి. ఈ జబ్బులో ఇటీవలి జ్ఞాపకాలు ముందు చెరిగిపోతాయి. ఆమె మనసు మీరు కాపురానికి రాకముందు రోజుల్లో ఉండొచ్చు. వరస చెప్పకుండా మీ పేరు చెప్పి, ‘కాఫీ తెచ్చినా, తాగుదాం’ అనండి. ఆ పేరు వినిపించడం మీకూ అవసరమే.

ఇక కుట్టుమిషన్ మీద కప్పిన గుడ్డ తీయండి. వారానికి ఒక్క జాకెట్టు చాలు. పెళ్లి ఆర్డర్లు ఇప్పుడే వద్దు; గడువు తప్పితే ‘ఇదీ చేతకాలేదు’ అన్న దిగులు మిగులుతుంది. అత్త స్నానం, టిఫిను అయ్యాక 10 నుంచి 11 దాకా కూర్చోండి. పొద్దుగూకే వేళ ఇట్లాంటి వాళ్లలో చాలామందికి కంగారు పెరుగుతుంది, అప్పుడు కుట్టు సాగదు.

ఆ గంట పూచీ ఇంకొకరిది కావాలి. ‘కాస్త చూస్తుండు’ అని వదిలేస్తే పది నిమిషాలకే మిమ్మల్ని పిలుస్తారు. ఏ మందు ఎప్పుడు, రెండు గంటలకోసారి బాత్రూముకు, వీధి తలుపు గడియ, ఏ పాట పెడితే నెమ్మదిస్తుంది అన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆడబిడ్డ వచ్చినప్పుడు ఆ కాగితం చూపించి, అమ్మను ఆమెకే అప్పగించండి.

ఎవరూ లేని రోజు అత్తను పక్కనే కూర్చోబెట్టి గుడ్డముక్కలు మడతపెట్టమనండి. కత్తెర, సూదులు డబ్బాలో పెట్టి మూయండి. హుక్కులు, గుండీలు నోట్లో వేసుకుంటారు, అందనివ్వకండి. మడత వంకరగా వచ్చినా ఆమె ముందు విప్పి సరిచేయవద్దు.

ఒకటి రెండు రోజుల్లోనే గందరగోళం హఠాత్తుగా పెరిగితే, మిషన్ దగ్గర కూర్చున్నందుకే అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి.

మీకే రెండు వారాలకు పైగా నిద్ర పట్టక, ఏదీ రుచించక ఉంటే తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే ఫోన్ చేయండి. ఓపీకి మాత్రం అత్తను వెంటబెట్టుకుని పోవద్దు. ఆ చీటీ మీ పేరున రాయించుకోవాలి.