పాత మోవర్‌కి ఏ పెట్రోల్? ముందు ఆయిల్ ఎక్కడ పోస్తారో చూడండి

సెలవు మీద తిరుపతి వచ్చి పది రోజులైంది. మొన్న సాయంత్రం కొర్లగుంటలో మా పక్కింటి అక్క ఫోన్ పట్టుకుని నేరుగా మేడ మీదికే వచ్చేసింది. వాళ్లబ్బాయి ఒహాయోలో కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పెరట్లో గడ్డి కోసుకోవడం అద్దెకున్నవాళ్ల పనేనట. ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముతుంటే అరవై డాలర్లు పెట్టి పెట్రోల్ మోవర్ కొన్నాడు. మాన్యువల్ లేదు. "అన్నా, దీంట్లో ఏం పొయ్యాల? రెగ్యులరా, ప్రీమియమా? ఒకాయన ఆయిల్ కలపమంటాడు, ఇంకొకాయన కలపొద్దంటాడు. టెన్షన్‌గా ఉంది" అని వీడియో కాల్‌లో అడిగాడు.

ఆ ఇద్దరూ తప్పు చెప్పలేదు, వేర్వేరు ఇంజిన్ల గురించి చెప్పారు. కొత్తగా వెళ్లిన మనవాళ్లు చాలామంది ఇక్కడే తికమకపడతారు. బంకులో ఏ బటన్ నొక్కాలి అన్నది తర్వాతి మాట. మీ మిషన్‌లో ఆయిల్ ఎక్కడ ఉంటుందో అది ముందు తేల్చుకోండి.

మన ఇళ్లలో పాత బజాజ్ చేతక్ నడిపినవాళ్లకు ఇది తెలుసు. బంకులో పెట్రోల్‌తో పాటు 2టీ ఆయిల్ కలిపి పోయించేవాళ్లు. దామలచెరువు వైపు మామిడి తోటలకు మందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్లకూ అంతే. ఈ టూ స్ట్రోక్ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవ ఉండదు. పెట్రోల్ వెంట వచ్చే ఆయిలే లోపలి బేరింగులనూ సిలిండర్‌నూ తడుపుతుంది. అందులో వట్టి పెట్రోల్ పోసి నడిపితే కొద్దిసేపట్లోనే పిస్టన్ పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్‌కి అడుగున సొంత ఆయిల్ ఉంటుంది కాబట్టి ట్యాంకులోకి వట్టి పెట్రోలే పోవాలి. పొరపాటున కలిపిన పెట్రోల్ పోస్తే పొగ కమ్ముతుంది, ప్లగ్‌కి మసి పడుతుంది. ఇంజిన్ పోదు, ట్యాంకు ఖాళీ చేసి మంచి పెట్రోల్ పోస్తే చాలు. అందుకే నాకు మొదటి తప్పు గురించే భయం.

అబ్బాయిని ఫోన్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను. పెట్రోల్ ట్యాంకు మూత కాకుండా, ఆయిల్ మట్టం చూసే పుల్ల ఉన్న మూత ఇంకొకటి ఉందా? ఉంటే ఫోర్ స్ట్రోక్. రెండు మూతలున్నాయని మాత్రమే నమ్మకండి. యమహా ఆర్‌ఎక్స్ 100కి కూడా విడిగా ఆయిల్ ట్యాంకు ఉండేది, కానీ అది టూ స్ట్రోకే. పుల్ల చూడాలి. ట్యాంకు మూత మీద 50:1, 32:1 లాంటి అంకెలుంటే అది కలిపి పోసే మిషన్. 50:1 అంటే యాభై పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్. అప్పటికీ తేలకపోతే ఇంజిన్ మీద చెక్కిన మోడల్ నంబరుతో తయారీదారు సైట్లో మాన్యువల్ వెతకండి. ఊహించి మాత్రం పోయకండి.

అమెరికాలో ఇప్పుడు దొరికే నెట్టుడు పెట్రోల్ మోవర్లు దాదాపు అన్నీ ఫోర్ స్ట్రోకే. పాత లాన్‌బాయ్ కంపెనీ మోవర్ల లాంటివాటిలో టూ స్ట్రోక్ కనిపిస్తుంది, వాటికి 32:1. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు విక్టా కంపెనీ పాత టూ స్ట్రోక్ మోవర్లు తగులుతాయి, వాటికి 25:1. లెక్క తేలికే. లీటరుకు 50:1 అయితే 20 మిల్లీలీటర్లు, 40:1కి 25, 32:1కి సుమారు 31, 25:1కి 40. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, దానికి 32:1 కావాలంటే 4 ఔన్సులు. గాలితో చల్లబడే ఇంజిన్ల టూ స్ట్రోక్ ఆయిలే కొనండి, పడవ ఇంజిన్లది వద్దు. గడ్డి అంచులు కత్తిరించే పెట్రోల్ ట్రిమ్మర్ చాలావరకు టూ స్ట్రోకే కాబట్టి అదే గరాజ్‌లో రెండు డబ్బాలు చేరతాయి. కలిపినదాని మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

ఇక బంకు సంగతి. అక్కడ 'గ్యాస్' అంటే పెట్రోలే. 87 నంబరు రెగ్యులర్ చాలు, ప్రీమియం పోస్తే అదనంగా వచ్చే బలమేమీ లేదు. పది శాతం ఇథనాల్ ఉన్న ఈ10 ఫర్వాలేదు. 88 అని రాసి కాస్త చవగ్గా కనిపించేది చాలాచోట్ల ఈ15. అది మోవర్లకు పనికిరాదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఇక్కడ మన బండ్లలో ఈ20 పోస్తున్నాం కదా అని అక్కడ ధైర్యం చేయకండి. పంపు గొట్టం రంగు చూసి డీజిల్ ఏదో తేల్చుకోకండి, రాసినది చదవండి. బ్రిటన్‌లో పెట్రోల్‌కి ఆకుపచ్చ, డీజిల్‌కి నలుపు. అమెరికాలో తరచుగా డీజిల్‌కే ఆకుపచ్చ ఉంటుంది. డబ్బాను కారు డిక్కీలో ఉంచి నింపొద్దు. నేల మీద పెట్టి, పైన కాస్త ఖాళీ వదిలి నింపండి.

పాత మిషన్ కొన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ట్యాంకులో ముందే ఉన్న పెట్రోల్‌తో. నా మొదటి మోవర్‌లో చలికాలమంతా పెట్రోల్ అలాగే వదిలేశాను. ఏప్రిల్‌లో చెయ్యి నొప్పి పుట్టేదాకా తాడు లాగాను. కార్బురేటర్ లోపల జిగురు కట్టిందని చివరికి తేలింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెల దాటితే పెట్రోల్ మీద నమ్మకం పెట్టుకోలేం. వార్నిష్ వాసన వస్తోందంటే తీసెయ్యాల్సిందే.

అబ్బాయి మిషన్‌లో పుల్ల దొరికింది. ఫోర్ స్ట్రోకే. ఆయిల్ నల్లగా, గీత కింద ఉంది. మాన్యువల్ వెతికి చూసి ఎస్‌ఏఈ 30 కానీ 10డబ్ల్యూ-30 కానీ, ఏది చెబితే అది గీత దాకా మార్చమన్నాను. వంచాల్సి వస్తే ముందు ప్లగ్ వైరు ఊడదీసి, గాలి ఫిల్టర్ పైకి ఉండేలా వంచమన్నాను. వేడి మీద పెట్రోల్ పోయొద్దన్నాను. "పాత పెట్రోల్ ఏం చెయ్యాలన్నా?" అన్నాడు. కాలువలోనూ చెత్తబుట్టలోనూ పోయొద్దు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి మీ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి రా అని చెప్పాను.